మందు ఇప్పుడు ఎక్కడుంది?

 ముందు వరుసలో కూర్చున్న అమ్మగారు మా గురుపత్ని. ఈ హాల్లో నా వయసు వాళ్లలో ఆవిడ చేతి అన్నం తినని వాళ్లు తక్కువ. గురువుగారి పేరిట ఈ ఏటి స్మారకోపన్యాసం నన్ను చెయ్యమన్నప్పుడు విషయం కోసం నేను వెతుక్కోలేదు. ఆయన నన్నొక రాత్రి ఒక ప్రశ్న అడిగారు. ముప్పై అయిదేళ్లు దాటింది. ఇప్పటికీ దానికి జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను.

అప్పుడు నేను హౌస్ సర్జన్ని. గుండెపోటుతో వార్డులో చేరిన ఒక లారీ డ్రైవరుకు రాత్రి రెండింటి వేళ ఉన్నట్టుండి గుండె లయ తప్పింది. మానిటర్ మీద గీత అడ్డూ అదుపూ లేకుండా వణుకుతోంది. షాక్ ఇచ్చాం. ఛాతీ నొక్కాం. మళ్లీ షాక్ ఇచ్చాం. గీత వణుకుతూనే ఉంది. గురువుగారు "జైలోకార్డ్" అన్నారు. నర్సమ్మ సిరంజిలోకి తీసి నా చేతికిచ్చింది. మోచేతి నరంలోకి ఎక్కించి, "ఇచ్చేశాను సార్" అన్నాను.

ఆయన ఛాతీ నొక్కుతున్నారు. తల ఎత్తలేదు. "ఇచ్చావు, సరే. మందు ఇప్పుడు ఎక్కడుంది?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. "ఎక్కించిన చోటే ఉంది. గుండె ఆగిన మనిషి ఒంట్లో మందు తనంతట తాను నడవదు. వెనకాల సెలైన్ తొయ్యి, చెయ్యి పైకెత్తు" అన్నారు. ఇరవై మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించి, ఆ బరువైన చేతిని పైకెత్తి పట్టుకున్నాను. గురువుగారు ఛాతీ మీద వేసే ఒక్కొక్క ఒత్తుకూ ఆ మందు మోచేయి దాటి, భుజం దాటి, గుండెకు చేరడం నా కళ్లకు కట్టినట్టయింది. వైద్యంలో నేను నేర్చుకున్న పాఠాల్లో అంత లోతుగా నాటుకున్నది మరొకటి లేదు.

గుండె ఆగిపోయినప్పుడు లయను సరిదిద్దే మందులు ఎందుకు ఇస్తాం, అవి ఏం చేస్తాయి, ఏం చెయ్యలేవు అన్నదే ఇవాళ్టి నా ప్రసంగం. ముందు ఒక మాట. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో గుండెకు రక్తం తెచ్చే నాళం ఒకటి పూడుకుపోతుంది. మనిషికి నొప్పి ఉంటుంది, చెమటలు పోస్తాయి, కానీ మాట్లాడుతూనే ఉంటాడు. కార్డియాక్ అరెస్ట్‌లో గుండె రక్తాన్ని తొయ్యడమే మానేస్తుంది. మనిషి కొన్ని సెకన్లలో కూలిపోతాడు. మొదటిది రెండోదానికి దారితియ్యవచ్చు. మన పత్రికలు రెంటికీ ఒకే మాట రాస్తాయి. అందుకే ఇంత వివరంగా చెప్పాను.

ఆగిన గుండెలన్నీ ఒక్కలా ఆగవు. కొన్ని కదలికే లేకుండా నిశ్చలంగా ఉండిపోతాయి. కొన్ని మాత్రం ఆగినట్టే ఆగి లోలోపల వణుకుతూ ఉంటాయి. ఈ వణుకుకే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అని పేరు. కోలాటం చూసినవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. పాతికమంది ఒకే తాళానికి కర్ర కలిపితే అది ఆట. ఎవరి తాళం వాళ్లదై, ఒకరి దెబ్బ విని పక్కవాడు, పక్కవాడి దెబ్బ విని మొదటివాడు కొట్టుకుంటూ పోతే కర్రల మోతకు లోటుండదు, ఆట మాత్రం ఉండదు. వణికే గుండెలో కండరం పోగులన్నీ పని చేస్తూనే ఉంటాయి. బయటికి చుక్క రక్తం రాదు.

షాక్ చేసేదల్లా ఒక్కసారి అందరి కర్రలనూ ఆపించడమే. ఆ నిశ్శబ్దంలోంచి గుండె సొంత గురువు మళ్లీ తాళం అందుకోవాలి. కొందరిలో అందుకుంటాడు. కొందరిలో పాత గందరగోళం తిరిగి మొదలవుతుంది. మందు అవసరం ఇక్కడ పడుతుంది. కర్ర కొట్టిన ప్రతివాడూ మళ్లీ కొట్టేముందు ఇంకాస్త ఆగేలా చేస్తుంది అమియోడరోన్. అలా ఆగినప్పుడు గందరగోళం ఒకరి నుంచి ఒకరికి చుట్టుతిరగడం కష్టమవుతుంది. ఆ రాత్రి నేను ఎక్కించిన జైలోకార్డ్ లిడోకైనే. దాని దారి వేరు. విద్యుత్తు పుట్టించే సోడియం ద్వారాలను, ముఖ్యంగా దెబ్బతిన్న కండరంలో, అది కట్టడి చేస్తుంది. ఈ రెండూ వణుకును తమంతట తాము ఆపుతాయని ఆశపడకూడదు. షాక్ నిలవడానికి తోడ్పడటం వరకే వాటి పని. కదలికే లేని గుండెలో వాటికి పనే లేదు.

ఈ రెండు మందులూ గుండె కోసం పుట్టినవి కావు. స్టాక్‌హోమ్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ 1943లో లిడోకైన్ తయారు చేశారు. పన్ను పీకేముందు చిగురుకు తిమ్మిరి ఎక్కించే జైలోకైన్ ఇదే. అమియోడరోన్ కథ ఇంకా దూరం నుంచి మొదలవుతుంది. ఈజిప్టులో ఖెల్లా అనే మొక్క ఉంది. మన వంటింటి వాము కుటుంబమే దానిదీ. దాని గింజల్లోని ఖెల్లిన్ గుండె నాళాలను వదులు చేస్తుందని కైరోలో పనిచేసిన శరీరధర్మ శాస్త్రవేత్త గ్లెబ్ ఆన్రెప్ 1940లలో చూపించాడు. దాని మీద పని చేస్తూ పోయిన బెల్జియం రసాయన శాస్త్రజ్ఞులు 1961లో అమియోడరోన్ తయారు చేశారు. మొదట ఛాతీనొప్పికే వాడారు. లయ తప్పిన గుండె మీద దాని ప్రభావాన్ని 1970లో ఆక్స్‌ఫర్డ్‌లో వాన్ విలియమ్స్‌తో కలిసి వివరించినవాడు బ్రామా సింగ్. ఆయన ఫిజీ దీవుల్లో పుట్టిన భారతీయ సంతతి వైద్యుడు. ఆ దీవులకే చెరకు తోటల కూలీలుగా మన తెలుగువాళ్లూ వెళ్లారు. అందుకే ఆయన పేరు చదివినప్పుడల్లా నాకు మనవాడే అనిపిస్తుంది.

అమియోడరోన్ బరువులో మూడో వంతుకు మించి అయోడినే. నెలల తరబడి మింగితే థైరాయిడ్‌ను, ఊపిరితిత్తులను దెబ్బతియ్యగలదు. ఆగిన గుండెకు ఒకటి రెండు మోతాదులిచ్చేటప్పుడు ఆ భయం లేదు. అప్పటి ఇబ్బంది వేరే. వార్డులో దొరికే ఆంప్యూల్ మూడు మిల్లీలీటర్లది, అందులో 150 మిల్లీగ్రాములుంటాయి. 300 కావాలంటే రెండు విరవాలి. మందు నీళ్లలో కరగదు కాబట్టి పాలిసార్బేట్ కలుపుతారు, అది సబ్బులాంటిది. తొందరలో సిరంజి గట్టిగా లాగితే లోపలంతా నురగ. మానిటర్ మోగుతుండగా, చేతులు వణుకుతుండగా, ఆ నురగ తేరేదాకా సిరంజి నిలువుగా పట్టుకుని నిలబడ్డ క్షణాలు నాకు బాగా గుర్తు. పుస్తకంలో ఒక్క గీతలో అయిపోయే మోతాదు మంచం పక్కన ఎంతసేపు పడుతుందో విద్యార్థులు ముందే తెలుసుకోవాలి. ఆంప్యూల్ విరిచేవాళ్లు ఒకరు, ఛాతీ నొక్కేవాళ్లు ఇంకొకరుగా ఉండాలి. మందు కోసం ఛాతీ మీద చేతులు ఒక్క క్షణమైనా ఆగకూడదు.

ఇక మనం నమ్మినవి ఎలా తలకిందులయ్యాయో చెప్పాలి. నా ఉపన్యాసంలో ఎక్కువసేపు నిలవవలసిన చోటు ఇదే.

నేను చదువుకునే నాటికి గుండెపోటు రోగులకు ముందుజాగ్రత్తగా లిడోకైన్ డ్రిప్ పెట్టడం ఎన్నో చోట్ల ఆనవాయితీ. మేమూ పెట్టాం. తర్కం నిక్కచ్చిగా కనిపించేది: గుండెపోటు తర్వాత అదనపు స్పందనలు వస్తాయి, అవి ముదిరితే వణుకు వస్తుంది, వణుకు ప్రాణం తీస్తుంది. కాబట్టి ఆ స్పందనలను అణిచివేస్తే ప్రాణం నిలబడాలి. 1988లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే వణుకు మూడో వంతు తగ్గింది నిజమే. చావులు మాత్రం తగ్గలేదు, పెరిగే వైపే మొగ్గు కనిపించింది.

తర్వాతి ఏడాది అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. అమెరికాలో కాస్ట్ అనే పరీక్ష జరుగుతోంది. గుండెపోటు వచ్చి తగ్గి, అదనపు స్పందనలున్న రోగుల్లో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మాత్రలు ఆ స్పందనలను నిజంగా అణిచాయని తేల్చుకుని, అలాంటి వాళ్లనే పరీక్షలోకి తీసుకున్నారు. కొందరికి మందు, కొందరికి మందులేని మాత్ర ఇచ్చారు. 1989లో ఆ రెండు మందులనూ మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది. 1991లో పూర్తి లెక్క అచ్చయింది. సగటున పది నెలల్లో మందు మింగిన 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తి మాత్ర మింగిన 743 మందిలో 26 మంది. ఈసీజీ శుభ్రపడింది, మనుషులు పోయారు.

గురువుగారు ఆ పత్రిక పట్టుకుని వార్డుకు రావడం నాకు నిన్నటిలా ఉంది. మా లైబ్రరీకి అది నెలలు ఆలస్యంగా చేరేది. ఆయన ఎవరినీ మందలించలేదు. డ్రిప్పులు వేలాడే స్టాండ్ల వరుస వైపు చాలాసేపు చూశారు. "మనం ఎంతమందికి పెట్టామో" అన్నారు, అంతే. ఆ మాటలో ఎంత బాధ ఉందో ఇప్పుడు తెలుస్తోంది. మన చేతి మందు మేలు చేసిందో కీడు చేసిందో ఒక్కొక్క రోగిని చూసి చెప్పలేం. కోలుకున్నవాడు మందు వల్లే కోలుకున్నాడని అనిపిస్తుంది, పోయినవాడు రోగం వల్లే పోయాడని అనిపిస్తుంది. పోల్చి చూస్తేగాని అసలు సంగతి బయటపడదు.

ఆగిన గుండె విషయంలో ఆ పోల్చి చూసే పని ఆలస్యంగా జరిగింది. సియాటిల్ ప్రాంతపు అంబులెన్సుల్లో 504 మంది మీద జరిపిన అరెస్ట్ అనే పరీక్ష 1999లో వెలువడింది. అమియోడరోన్ ఇచ్చినవాళ్లలో నూటికి 44 మంది ఆసుపత్రి వార్డుకు ప్రాణాలతో చేరారు, ఇవ్వనివాళ్లలో 34 మంది. మేమంతా సంబరపడ్డాం. ఇంటికి తిరిగి వెళ్లినవాళ్లు మాత్రం రెండు వైపులా దాదాపు సమానం, నూటికి 13 చొప్పున. 2002లో టొరంటోలో అమియోడరోన్‌ను లిడోకైన్‌తో పోల్చారు. వార్డుకు చేరినవాళ్లు వరుసగా 22.8 శాతం, 12 శాతం. మళ్లీ అదే అనుమానం మిగిలింది. వార్డు దాకా తీసుకురావడం వేరు, గడప దాకా తీసుకువెళ్లడం వేరు.

తేల్చుకోవడానికి పెద్ద పరీక్షే కావలసి వచ్చింది. 2012 నుంచి 2015 దాకా అమెరికా, కెనడాల్లో పది ప్రాంతాల అంబులెన్సుల్లో ఒకేలా కనిపించే సిరంజి పెట్టెలు ఉంచారు. లోపల అమియోడరోనో, లిడోకైనో, ఉత్తి సెలైనో ఇచ్చేవాళ్లకూ తెలియదు. రోగి స్పృహలో లేడు, అనుమతి అడిగే వ్యవధీ లేదు. ఇలాంటి పరీక్షలకు అక్కడ ప్రత్యేక చట్ట నిబంధన ఉంది: ముందుగా ఆ ప్రాంతపు ప్రజలతో మాట్లాడాలి, వద్దన్నవాళ్లను వదిలెయ్యాలి. చావు అంచున ఉన్న మనిషికి ఉత్తి సెలైన్ ఇవ్వడమా అని మీలో కొందరికి గుండె కలుక్కుమని ఉంటుంది. నాకూ అనిపించింది. కాస్ట్ గుర్తొచ్చాక ఆ అభ్యంతరం నాలో నిలవలేదు. మందు పని చేస్తుందో లేదో అడగకుండా ఇస్తూ పోవడమే పెద్ద తప్పు.

షాక్‌కు లొంగని 3026 మంది ఫలితం 2016లో అచ్చయింది. ఇంటికి వెళ్లినవాళ్లు అమియోడరోన్‌తో 24.4 శాతం, లిడోకైన్‌తో 23.7, సెలైన్‌తో 21. మూడు శాతం చిల్లర తేడా. యాదృచ్ఛికం కాదని గణాంక శాస్త్రం ఒప్పుకునేంత గట్టి తేడా కాదది. కాబట్టి ఈ మందులు పనికిరావు అని ఆ ఏడు కొందరు రాశారు. ఆ తీర్పుతో నేను ఏకీభవించను. ఆ పరీక్షలో మందు రోగి నరంలోకి వెళ్లేసరికి అంబులెన్సుకు ఫోన్ చేసి సగటున 19 నిమిషాలు గడిచిపోయాయి. 19 నిమిషాలు నెత్తురు సరిగా అందని కండరానికి ఏ మందు ఇచ్చినా ఏం చెయ్యగలదు?

అదే పరీక్షలో మనిషి కూలిపోవడం పక్కనున్నవాళ్లు చూసిన కేసులను విడదీశారు. అక్కడ రెండు మందులతోనూ దాదాపు 28 శాతం బతికారు, సెలైన్‌తో 22.7. అంబులెన్స్ సిబ్బంది కళ్లముందే గుండె ఆగినవాళ్లు 154 మందే కాని, వాళ్లలో అమియోడరోన్‌తో 38.6 శాతం, సెలైన్‌తో 16.7 శాతం. చిన్న గుంపు, దాని మీద కోట కట్టకూడదు. ఎవరూ చూడకుండా కూలినవాళ్లలో మాత్రం మందుకూ సెలైన్‌కూ తేడా లేదు. ఈ అంకెలు మొదటిసారి చదివినప్పుడు నాకు వినిపించింది గురువుగారి గొంతే. ఒకే మందు, ఒకే మోతాదు. అది ఎప్పుడు, ఎక్కడికి చేరిందన్నదాన్ని బట్టి దాని విలువ మారుతోంది.

అడ్రినలిన్ గురించి ఒక్క మాట. అది లయను దిద్దే మందు కాదు, కాని అదే ట్రేలో ఉంటుంది. 2018లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 8014 మంది మీద చూస్తే నెల తర్వాత బతికి ఉన్నవాళ్లు అడ్రినలిన్‌తో 3.2 శాతం, సెలైన్‌తో 2.4. బతికి బయటపడ్డవాళ్లలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లు మందు వైపే ఎక్కువ. గుండెను లేపడానికీ మనిషిని లేపడానికీ ఎంత దూరమో ఆ పరీక్ష చూపించింది.

ఇప్పుడు నియమావళి ఏమంటోంది? షాక్‌కు లొంగని వణుకులో మూడో షాక్ తర్వాత అమియోడరోన్ 300 మిల్లీగ్రాములు, అయిదో షాక్ తర్వాత మరో 150. లేదా లిడోకైన్. అమెరికన్ నియమావళి రెంటినీ సమానంగా చూస్తూ 'ఇవ్వవచ్చు' అంటుంది, 'ఇచ్చి తీరాలి' అనదు. నా దృష్టిలో ఆ మెత్తని క్రియాపదం సరైనదే. షాక్ ఇచ్చే పద్ధతి మార్చినా ఫలితం మారుతుందని 2022లో కెనడా పరీక్ష ఒకటి చూపింది. షాక్ ఇచ్చే పలకల్లో ఒకటి ఛాతీ ముందు, ఒకటి వెనక ఉండేలా మార్చినప్పుడు ఇంటికి వెళ్లినవాళ్లు 21.7 శాతం, మామూలు చోటనే ఉంచినప్పుడు 13.3. చేతిలోని పరికరాన్నే వేరేలా వాడటం ఇంత చేస్తే, కొత్త మందు కోసమే ఎదురుచూస్తూ కూర్చోవడం నాకు నచ్చదు.

ఇక మన ఇళ్లలోకి వద్దాం. కొన్నేళ్ల కిందట ఒక కొడుకు తన తండ్రిని ఆటోలో తెచ్చాడు. భోజనం చేస్తూ ఒరిగిపోయాడట. కొడుకు బీరువాలోంచి సార్బిట్రేట్ మాత్ర తీసి నాలిక కింద పెట్టాడు. ఆటోలో దారి పొడుగునా తండ్రి తల ఒడిలో పెట్టుకుని విసురుతూ వచ్చాడు. క్యాజువాల్టీలో మేం నోరు తెరిచి చూస్తే ఆ మాత్ర నాలిక కింద అలాగే ఉంది. కరగలేదు. నెత్తురు నడవని నోట్లో మాత్ర ఎక్కడికి పోతుంది? "మాత్ర వెంటనే వేశానండీ, ఆలస్యం చెయ్యలేదండీ" అని ఆ అబ్బాయి పదే పదే అన్నాడు. అతని తప్పేం లేదు. మాత్ర వెయ్యమని చెప్పింది మనమే. ఛాతీ నొక్కమని చెప్పనిదీ మనమే.

ఈ దేశంలో 108 అంబులెన్స్ సేవ మొదలైంది హైదరాబాద్‌లోనే, 2005 ఆగస్టు 15న. అది మనం గర్వించవలసిన సంగతి. అయినా బండి ఎంత వేగంగా వచ్చినా, ఫోన్ చేసినప్పటి నుంచి అది గుమ్మం ముందు ఆగేదాకా ఆ నిమిషాలు ఇంట్లోవాళ్లవే. వణుకుతున్న గుండెకు ఎవరూ ఏమీ చెయ్యకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది పాళ్లు తగ్గుతుందని చాలాకాలంగా లెక్క. మనిషి పలక్కుండా ఉండి, ఊపిరి ఆగిపోయినా, ఎగశ్వాసలా అప్పుడొకటి అప్పుడొకటి తీస్తున్నా, నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక కింది సగం మీద రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి వేసి, నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు, కనీసం రెండంగుళాలు దిగేలా నొక్కాలి. పక్కటెముక విరుగుతుందేమోనన్న భయంతో ఆపకూడదు. ఎముక అతుక్కుంటుంది. ఇదంతా మందుల ఉపన్యాసంలో ఎందుకంటే, తర్వాత వచ్చే అమియోడరోన్‌ను మోసుకుపోయేవి ఆ అరచేతులే. ఆ ఇంట్లో ఎవరూ నొక్కకపోతే మా ట్రేలోని ఆంప్యూళ్లు చాలామటుకు గాజు బుడ్లే.

లారీ డ్రైవరు సంగతి చెప్పలేదు కదూ. ఆ రాత్రి మూడో షాక్‌కు అతని గుండె నిలబడింది. పన్నెండో రోజున లుంగీ సర్దుకుంటూ నడిచి వెళ్లాడు. మందు వల్లా, షాక్ వల్లా, గురువుగారి చేతుల వల్లా అంటే, విడదీసి చెప్పలేను. అప్పుడూ చెప్పలేదు.

పోయిన నెల మా విభాగంలో అలాంటిదే ఇంకో రాత్రి. ఆ రోగి గుండె తిరిగి కొట్టుకుంది కాని నాలుగో రోజున పోయాడు. అయినా ఆ రాత్రి చూసినదొకటి అమ్మగారికి చెప్పాలని దాచుకున్నాను. కొత్తగా చేరిన హౌస్ సర్జన్ ఒకమ్మాయి రెండు ఆంప్యూళ్లు విరిచి, నురగ రాకుండా నెమ్మదిగా సిరంజిలోకి లాగి, నరంలోకి ఎక్కించింది. నేను నోరు తెరిచేలోపే వెనకాల సెలైన్ తోసి, రోగి చేతిని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని లోపల్లోపల అంకెలు లెక్కపెడుతోంది.

"మందు ఎక్కడుందమ్మా?" అన్నాను.

"భుజం దాటుతూ ఉంటుంది సార్. నొక్కడం ఆపొద్దని చెప్పండి" అంది.